టిక్కీ మీది అంకె

పోయినవి ముందు లెక్క వేస్తాను. నాకు మరో విధంగా మొదలుపెట్టడం రాదు.

పదకొండు వారాలు. వారానికి నాలుగు సాయంత్రాల చొప్పున నలభై నాలుగు. వాటిలో షేర్ ఆటో ముందే వచ్చేసినవి మూడు, ఆమెకు జ్వరం వచ్చినవి రెండు తీసేస్తే ముప్ఫై తొమ్మిది సాయంత్రాలు. పోటీలో మనిషికి ఇచ్చే అవకాశాలు మూడు, ఆ మూడూ. ప్రార్థనకు వెళ్ళని ఆదివారం ఒకటి. రెండు టిక్కీల మిరపకాయల్లోంచి ఎవరికీ తెలియకుండా గాలిలో కలిసిపోయిన నీరు, ఎనిమిది కిలోలు. రోజుకు పది పన్నెండు సార్లు ఆమె నన్నడిగే ఒక ప్రశ్న. పోటీ తర్వాత ఎప్పుడూ అడగలేదు. చివరగా ఆమె. మొన్న చలికాలంలో పోయింది. ఆమె పోవడం జబ్బు చేసిన పని. మిగతావన్నీ నా వల్ల పోయినవి.

ఆమె పేరు రాయను. పేరు రాస్తే పక్కన అంకె వేయాలనిపిస్తుంది, ముప్ఫై ఏళ్ళ అలవాటు. ఆ పేరు పక్కన ఏ అంకె వేయాలో చెప్పడానికే ఇదంతా.

గుంటూరు శివార్లలో ఒక మిరపకాయల వ్యాపారి గోదాములో నేను కాటా గుమస్తాను. యార్డు నుంచి వచ్చిన ప్రతి టిక్కీనీ, అంటే మిరపకాయల గోతాన్ని, తూకం వేసి దాని మీద రంగుతో అంకె రాయడం నా పని. పదో తరగతి తప్పినవాణ్ణి, అదీ లెక్కల్లోనే. తర్వాత నేర్చుకున్నదంతా కాటా దగ్గరే నేర్చుకున్నాను. కాలిక్యులేటర్ ముట్టను. ఏ కాయ ఏ ఎండకు వారానికి ఎంత తరుగుతుందో నోటితో చెప్పగలను. ప్రత్తిపాడు వైపు రైతులు కొందరు, సరుకు ఇప్పుడే అమ్మాలా, పది రోజులు ఆగాలా అని నన్నడిగి వెళ్తారు. ఈ మాట గొప్పకు రాయడం లేదు. ముందు ముందు పనికొస్తుంది కాబట్టి రాస్తున్నాను.

ఆమె కాయలు ఏరే ఆడవాళ్ళలో ఒకరు. తొడిమలు తీయడం, రంగు పోయిన తాలు కాయ వేరు చేయడం. వయసు నలభై మూడు. ప్రత్తిపాడు దగ్గరి పల్లె నుంచి ఇంకో ఎనిమిది మందితో ఒకే ఆటోలో వచ్చేది. ఏరడానికి టిక్కీ తెచ్చి కుమ్మరించడం, ఏరిన కాయను మళ్ళీ నింపి పక్కకు జరపడం హమాలీల పని. హమాలీలు లారీల దగ్గర ఉంటారు, పిలిస్తే పావుగంటకు వస్తారు. మిగతా ఆడవాళ్ళు ఆ పావుగంట కూర్చుంటారు. ఈమె కూర్చునేది కాదు. కొంగు నడుముకు బిగించి, టిక్కీని అరచేత్తో రెండు దెబ్బలు కొట్టేది, పడుకున్న మనిషిని లేపినట్టు. తర్వాత మోకాళ్ళు వంచి ఒక్క ఊపున ఎత్తి, నాలుగడుగులు వేసి కుమ్మరించేది. అదయ్యాక నా వైపు తిరిగేది.

"రాసుకున్నారా?"

ఆమె ప్రశ్న అదే. పొద్దున రాగానే, "వచ్చానండీ, రాసుకున్నారా?" టీ తాగితే, "రెండో టీ ఇది, రాసుకున్నారా?" హమాలీల్లో పెద్దవాడు రేపు చీరాల నుంచి అందరికీ పచ్చళ్ళు తెస్తానని కోతలు కోస్తే, "రాసుకోండి గుమస్తా గారూ, ఈడు రేపు నేనెప్పుడన్నానూ అంటాడు."

ఆ పెద్ద హమాలీకి ఆమెతో రోజూ తగువే.

"ఏందక్కా, మా పొట్ట కొడతన్నావు. టిక్కీలన్నీ నువ్వే మోస్తే మేమేం చెయ్యాల?"

"మీరొచ్చేలోపు ఈ కాయ గింజ రాలి మళ్ళీ మొలిసిద్దిరా. కోతకొచ్చినాక రా పో."

గోదాములో అందరం రోజంతా తుమ్ముతూ ఉంటాం. ఆమె తుమ్మగా నేను చూడలేదు. అడిగితే, "మిరపకాయకు నేనంటే బయమండీ," అంది.

ఒకసారి నా తూకాల పుస్తకం తెరిచి ఉంటే వంగి చూసింది. ఆమెకు చదువు కూడబలుక్కుని చదివేంత వచ్చు.

"ఇందులో నా పేరు ఏడుందండీ?"

"నీ పేరు ఎందుకుంటుందమ్మా? రైతు పేరు, లాటు నంబరు, బరువు. అంతే."

"ఇయ్యాల పద్దాలుగు టిక్కీలు లేపా నేను."

"లేపావు. కానీ బరువు రైతుది."

ఆమె కాసేపు ఆ పేజీ చూసి వెళ్ళిపోయింది. ఆ మాట మనసులో పెట్టుకుందని నాకు అప్పుడు తెలియదు.

అసలు విషయం మొదలైంది ఒక డ్రిల్లు మాస్టారి వల్ల. రిటైరై, గుంటూరులో చిన్న జిమ్ము నడుపుతున్నాడు. ఇంటికి కారం పట్టించడానికి మంచి కాయ కావాలని గోదాముకు వచ్చాడు. ఆమె టిక్కీ ఎత్తడం చూసి, కాయ సంగతి మర్చిపోయి, ఇంకోసారి ఎత్తమన్నాడు. ఆమె నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఎత్తింది.

"ఏమ్మా, నడుం వంచకుండా ఎత్తడం ఎవరు నేర్పారు నీకు?"

"నడుం వంచితే రేపు పన్లోకి రాలేంగదండీ."

మంగళగిరిలో పదకొండు వారాల్లో జిల్లా పోటీ ఉందని ఆయన చెప్పాడు. డెడ్‌లిఫ్ట్ అంటారు. నేల మీది బారును పట్టుకుని, మోకాళ్ళు, నడుము నిటారయ్యేదాకా లేపి నిలబడాలి. కొత్తవాళ్ళు రావచ్చు. నలభై దాటిన ఆడవాళ్ళకు విడిగా ఉంది.

ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే. "లేపితే రాస్తారా?"

"రాయడమేంటమ్మా, మైకులో నీ పేరు, నువ్వు లేపిన బరువు చదువుతారు. కాగితం మీద రాసి సంతకం పెడతారు."

"రైతు పేరు కాదుగా?"

మాస్టారికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

జిమ్ముకు వెళ్ళడం ఆమెకు కుదరదు. పని అయిదున్నరకు అయితే ఆటో ఆరింటికి వస్తుంది. ఆ అరగంటలోనే, గోదాము మూలనే సాధన చేయాలి. మాస్టారు రెండుసార్లు వచ్చి పద్ధతి చూపించాడు. బారు బదులు పాత బోరు పైపు ఒకటి తెచ్చాను. కాటా మీద పెట్టాను, పన్నెండు కిలోలు. పట్టుకునే చోట రెండు గోనె పేలికలు చుట్టాం. పైపు రెండు కొసలకూ చెరొక టిక్కీని పడుకోబెట్టి తాళ్ళతో బిగించాం. ఆ మూలన ఎవరికీ అక్కర్లేని టిక్కీలు రెండు ఉన్నాయి. పచ్చి సరుకు, మిగతా కాయలో కలిపితే బూజు పడుతుందని వచ్చిన రోజే నేను పక్కన పెట్టించినవి. రెంటి మీదా నా చేతిరాతతో నలభై అయిదు అని ఉంది. రెండు నలభై అయిదులు తొంభై, పైపు పన్నెండు. నూట రెండు.

మొదటి సాయంత్రం పైపు బెత్తెడు లేచి ఆగిపోయింది. ఆమె దాన్ని దించి, టిక్కీలు రెంటినీ చెరో దెబ్బ కొట్టి, "ఇవి మొండియ్యండీ," అంది. నాలుగో వారం మోకాళ్ళ దాకా వచ్చింది. ఆరో వారం ఒకసారి నిటారుగా నిలబడింది. ఆడవాళ్ళందరూ చేటలు పక్కన పెట్టి చూశారు. పెద్ద హమాలీ తలగుడ్డ తీసి దులిపి మళ్ళీ చుట్టుకున్నాడు.

"రాసుకున్నారా?"

రాసుకున్నాను. ఆమె కోసం ఒక చిన్న నోటు పుస్తకం పెట్టాను. మొదటి పేజీలో ఆమె పేరు. కింద తేదీలు, అంకెలు. ఆ పేజీని ఆమె ఒకసారి వేలితో తడిమి చూసింది.

వారం వారం ఆమెకు సులువవుతూ వచ్చింది. "తేలిగ్గా వస్తన్నయ్యండీ గుమస్తా గారూ. నాకే ఇచిత్రంగా ఉంది. దేవుడు ఒక చెయ్యేస్తన్నాడు," అనేది. నేను కూడా ఆశ్చర్యపోయాను. ఎంత పెరుగుతోందో లెక్క కట్టి మాస్టారికి ఫోనులో చెప్పేవాణ్ణి. పదకొండో వారం చివరి సాయంత్రం మూడుసార్లు లేపింది, ఊపిరి ఎగబీల్చకుండా. నూట రెండు, మూడుసార్లు. రాసి కింద గీత గీశాను.

పోటీకి మొదటి బరువు మనమే చెప్పాలి. మాస్టారు, "మూడుసార్లు హాయిగా లేపేదే మొదట పెట్టండి. తర్వాత పెంచుకోవచ్చు, తగ్గించడానికి మాత్రం లేదు," అన్నాడు. నూట రెండు మూడుసార్లు లేపిన మనిషికి వంద హాయి అని నేను లెక్క వేశాను. ఫారం మీద వంద అని నేనే నింపాను. ఆమె పేరు మాత్రం ఆమే రాసుకుంది, ఇంటి పేరుతో సహా, ఒక్కో అక్షరం నిలబెట్టి.

ఆదివారం పొద్దున ఆమె, నేను బస్సులో మంగళగిరి వెళ్ళాం. వాళ్ళ ఊరి పాస్టరు గారు ముందు రోజే వచ్చి ఆమె తల మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేశాడట. హాల్లో మనుషుల్ని కూడా తూచారు. ఆమె అరవై ఆరు కిలోలు. "టిక్కీన్నర ఉన్నానండీ," అని నవ్వింది. కూతురి కాలేజీ టీషర్టు, ట్రాక్ పాంటు వేసుకుంది. నడుముకు చున్నీ చుట్టుకుంటే అక్కడివాళ్ళు తీసేయమన్నారు. తీసి నా చేతికిచ్చింది. నలభై దాటినవాళ్ళలో ఇద్దరే ఉన్నారు, ఈమె, మంగళగిరిలోనే ఉండే ఒక టీచరు గారు. ఆవిడ మూడు అవకాశాల్లో చివరికి ఎనభై రెండున్నర లేపింది.

మైకులో ఈమె పేరు చదివారు, ఇంటి పేరుతో సహా. వంద కిలోలు అన్నారు. ఆమె నా వైపు చూసింది, అడగకుండానే అడిగినట్టు. బారు దగ్గరకు వెళ్ళి, దాని కొసనున్న ఇనప బరువు పళ్ళేన్ని రెండు దెబ్బలు కొట్టింది. వంగి పట్టుకుంది. బారు నేలను వదిలింది, అరడుగు లేచింది. ఆగింది. కిందికి వచ్చింది.

ఆ బారు ఆగిన చోటు నాకు తెలుసు. మొదటి వారాల్లో పైపు ఆగిన చోటు అది.

పోటీ వాళ్ళ బల్ల దగ్గరికి వెళ్ళి, "సార్, తగ్గించి తొంభై పెట్టచ్చా?" అని అడిగాను.

"కుదరదండీ. వందా, లేదంటే ఆ పైన."

రెండోసారి మోకాళ్ళు దాటలేదు. మూడోసారి దాటింది. తొడల సగం దాకా తెచ్చి, అక్కడ నిలబెట్టింది. పైకి పోదు, కిందికి వదలదు. మెడ నరాలు తేలాయి. హాల్లో జనం అరుస్తున్నారు. ఆమె అలా ఎంతసేపు పట్టుకుందో నేను లెక్క పెట్టలేదు. నా జీవితంలో లెక్క పెట్టకుండా వదిలేసింది అదొక్కటే. బారు కిందపడింది. మూడు ఎర్ర లైట్లు వెలిగాయి. బల్ల దగ్గర కూర్చున్నతను ఆమె పేరు పక్కన చిన్న గీత గీశాడు.

బస్సులో కిటికీ పక్క కూర్చుంది. చాలాసేపటికి, "మూడుసార్లు చదివారుగదండీ నా పేరు మైకులో," అంది. తర్వాత, "అంతమంది ముందర వంద అని చదివించుకుని లేపలేకపోయా. మీ పరువు కూడా తీశా," అంది.

నేను బారు లావు తేడా అన్నాను. ఎత్తు తేడా అన్నాను. కొత్తచోటు అన్నాను.

"లెక్కేం తప్పలేదుగా గుమస్తా గారూ?"

చెప్పవలసిన చోటు అదే. అప్పటికి నాకు రుజువు లేదు కానీ అనుమానం ఉంది. అనుమానం ఉందని చెప్పినా సరిపోయేది. ఎదురు సీటులో ఎవరో తిరిగి చూశారు. ముప్ఫై ఏళ్ళలో నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"లెక్క తప్పదమ్మా," అన్నాను.

మర్నాడు అందరికంటే ముందు గోదాముకు వెళ్ళి తాళ్ళు విప్పి, టిక్కీల్ని ఈడ్చుకుంటూ కాటా మీద పెట్టాను. ఒకటి నలభై ఒక్క కిలోల రెండు వందల గ్రాములు. రెండోది నలభై కిలోల ఎనిమిది వందలు. రెండూ కలిపి ఎనభై రెండు. పైపుతో తొంభై నాలుగు.

రేకుల కప్పు కింద, మాఘం వెళ్ళి ఫాల్గుణం ముదిరే ఎండల్లో పచ్చి కాయ పదకొండు వారాలు ఆరితే ఎంత తరుగుతుందో ఏ రైతు అడిగినా కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి. ఈ టిక్కీల మీద నలభై అయిదు కింద ఇంకో మాట కూడా నా చేతిరాతే: తేమ ఎక్కువ. పైపును తూచాను. ఆమెను తూచడం చూశాను. టిక్కీల్ని మాత్రం మళ్ళీ కాటా ఎక్కించలేదు. నేను రాసిన అంకెను నేనే అనుమానించడం నాకు తోచలేదు. ఆమెకు బలం పెరిగింది, నిజమే. కానీ ఆమె తేలిగ్గా వస్తున్నాయన్న ప్రతిసారీ అందులో కొంత మిరపకాయది. దేవుడి చెయ్యి అనుకున్నది ఎండ. తొంభై నాలుగు మూడుసార్లు లేపిన మనిషికి ఎనభై అయిదు పెట్టి ఉంటే, మొదటి అవకాశంతోనే టీచరు గారి కంటే పైన ఆమె పేరు ఉండేది.

ఇక్కడితో అయితే అది పొరపాటు. తర్వాత చేసినది పొరపాటు కాదు. ఆ రెండు టిక్కీల మూతులు విప్పి, ఇప్పుడు ఎండిన కాయే కదా అని, తాలు కాయ రాశిలో కుమ్మరించాను. కాళ్ళతో కలిపేశాను. ఖాళీ గోతాల్ని తిరగేసి అంకెలు లోపలికి పోయేలా మడిచి మిగతా వాటిలో పెట్టాను. ఎనిమిదింటికి ఆటో వచ్చింది.

ఆమె మూలకు వెళ్ళి చూసింది. పైపు ఒక్కటే ఉంది.

"నా టిక్కీలేయండీ?"

"రాశిలో కలిపేశారు."

"పోనీలెండి. వాటిదేం తప్పు," అంది.

ఆ రోజు హమాలీ రావడం ఆలస్యమైంది. ఆమె బోర్లించిన గంప మీద కూర్చుంది. పావుగంట కూర్చుంది. మిగతా ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్ద హమాలీ వచ్చాడు. "ఒరే, ఆ టిక్కీ కాస్త ఇటు కుమ్మరించరా," అంది. వాడు కుమ్మరించాడు. నేను పుస్తకంలోకి చూస్తూ ఆ ప్రశ్న కోసం ఎదురుచూశాను. రాలేదు.

తర్వాత రెండేళ్ళు అలాగే పనిచేసింది. టిక్కీ ముట్టలేదు. డ్రిల్లు మాస్టారు ఇంకో పోటీ ఉందని కబురు చేస్తే, "నాకంత బలం లేదండీ, గుమస్తా గారి పుస్తకంలోనే లేస్తయ్యి అయ్యి," అని నవ్వింది. ఆ మాట నా ముందే అంది. రెండేళ్ళంటే నాలుగు వందల పైచిలుకు పనిదినాలు. నాలుగు వందల సార్లు చెప్పగలిగి చెప్పలేదు. గుమస్తా తూకం తప్పాడన్న మాట గోదాము దాటి యార్డుకు చేరుతుందని భయపడ్డాను. చదువు లేనివాడికి ఉన్న ఒకే డిగ్రీ అది. దాన్ని కాపాడుకోవడానికి ఆమె బలాన్ని ఆమె దగ్గర అబద్ధం చేశాను.

ఆమె పోయిన నెల రోజులకు కూతురు గోదాముకు వచ్చింది. నర్సు ఉద్యోగం చేస్తోంది. ఊళ్ళో చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారని, రమ్మని చెప్పింది. వెళ్ళబోతూ ఆగింది.

"అంకుల్, అమ్మ గురించి నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. నూట రెండు కిలోలు మూడుసార్లు లేపానని అమ్మ మా ఇంట్లో ఒక్కసారి చెప్పింది. అందరూ నవ్వారు, వంద లేపలేనిదానివి నూట రెండు ఎట్టా లేపావని. మళ్ళీ ఆ మాటెత్తలేదు. మీ పుస్తకంలో ఉందంట. నిజమేనా?"

నోటు పుస్తకం సొరుగులోనే ఉంది. తీసి ఆ పేజీ చూపించాను. పైన ఆమె పేరు, చివర గీత గీసిన అంకె. కూతురు ఫోనుతో ఫొటో తీసుకుంది.

"నిజమే కదా అంకుల్?"

ఎండకు ఎనిమిది కిలోలు తరిగాయి తల్లీ అని చెబితే, మిగిలిన ఆ కాస్తా కూడా తీసేసినట్టవుతుంది అనుకున్నాను. అది ఆ అమ్మాయి మీద జాలి అని అప్పుడు అనుకున్నాను. కాదు, అదీ నా కోసమే.

"నిజమేనమ్మా," అన్నాను.

కూడికలో వెనక వరసలో కూర్చున్నాను. కూతురు ఆ అంకె చదివింది. బంధువుల్లో ఎవరో సన్నగా దగ్గారు. పాస్టరు గారు, ఇంకెవరైనా రెండు మాటలు చెబుతారా అని అడిగాడు. పెద్ద హమాలీ లేచి, "మా అక్క మా కూలి తినేదండీ," అన్నాడు. అందరూ నవ్వారు, వాడు ఏడ్చాడు. పాస్టరు గారు మళ్ళీ చుట్టూ చూశాడు. నా మీద ఆయన చూపు ఆగింది. నేను లేవలేదు.

పోటీ వాళ్ళ కాగితంలో ఆమె పేరు పక్కన గీత ఉంది. నా పుస్తకంలోనూ, కూతురి ఫోనులోనూ నూట రెండు ఉంది. రెండూ తప్పు. నేల మీద నుంచి లేపి, నడుము నిటారుగా నిలబెట్టి, ఒకటికి మూడుసార్లు ఆమె నిజంగా మోసిన బరువు ఆమె పేరు మీద ఇంతవరకు ఎక్కడా పడలేదు. నేను ఆమెకు ఇంకా బాకీ ఉన్నది తొంభై నాలుగు కిలోలు.